కుడి భుజం ఫిల్ము

"మా ఆయన్ని చంపింది ఆ డాక్టరేనండీ!" అంటూ డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చిందావిడ. ఒక చేతిలో ఎక్స్‌రే ఫిల్ము, రెండో చేతిలో ఫిర్యాదు కాగితం. వెనకాలే సంచి మోసుకుంటూ మరిది. ఆ సంచి పట్టీ అతని కుడి భుజం మీంచి మాటిమాటికీ జారిపోతోంది.

భర్త ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. కుడి భుజం నొప్పని వెళ్తే వీధి చివరి డాక్టరు ఎక్స్‌రే తీయించి, బాగానే ఉందని మాత్రలు రాశాడు. ఐదు నెలలకి పెద్దాసుపత్రిలో తేలింది, ఆ నొప్పి ఊపిరితిత్తి పైకొసన పెరిగిన పాత గడ్డదని. అప్పటికే చేయి దాటిపోయింది.

"రుజువు మీరు చూపిస్తే రేపే ఫిర్యాదిస్తాను. ఆ క్లినిక్ మూయించందే నిద్రపోను."

డిటెక్టివ్ ఫిల్మును కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. అసిస్టెంటు కూడా చూసి, ముక్క అర్థం కాకపోయినా గంభీరంగా తలూపాడు. గురువుగారంటే అతనికంత గురి.

"మీవారికి కాలర్ బోన్ ఎప్పుడైనా విరిగిందామ్మా?"

"అబ్బే! చిన్నప్పుడు దెబ్బలన్నీ మా మరిదివేనట."

మరిది కిటికీ వైపు తిరిగాడు.

సాయంత్రం అందరూ క్లినిక్‌లో చేరారు. పాపం డాక్టరు మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇందులో ఎముక ఎప్పుడో విరిగి అతుక్కున్న గుర్తు మీకు కనిపించలేదా?" అన్నాడు డిటెక్టివ్.

"కనిపించింది. ఎప్పటిదోలే అనుకుని అడగలేదు. నొప్పి తగ్గకపోయినా మళ్లీ తీయించలేదు. ఆ తప్పు నాదే."

"భుజం ఫిల్ములో ఊపిరితిత్తి కొస కూడా పడుతుంది. గడ్డ పాతదైతే ఇందులోనూ కనబడాలి, కానీ ఇక్కడ శుభ్రంగా ఉంది. ఎందుకంటే పేరు ఒకరిది, ఎముక ఇంకొకరిది. ఎక్స్‌రే గది దగ్గర పేరు పిలిస్తే లేచినవాణ్ణే లోపలికి పంపుతారు." అతను మరిది వైపు తిరిగాడు. "బాబూ, చొక్కా పైగుండీ ఒకసారి విప్పుతావా?"

మరిది విప్పలేదు. పైగుండీ పిడికిట్లో పట్టుకుని వదినతో అన్నాడు.

"అన్నయ్యే బతిమాలాడొదినా. ఫిల్ము ఫ్యాక్టరీలో చూపించాలట, ఏదైనా కనబడితే క్రేన్ నుంచి దించేస్తారన్నాడు. ఉత్త కండరం నొప్పేలే అన్నాడు. నమ్మేశాను."

ఆవిడ మరిది దగ్గరికొచ్చి నిలబడింది. "నువ్వు లోపలున్నప్పుడు ఆయనెక్కడున్నారు?"

"బయట బెంచీ మీద, నా చొక్కా పట్టుకుని. నేను రాగానే అందించబోయాడు. కుడి చెయ్యి లేవలేదొదినా. నవ్వేసి ఎడం చేత్తో ఇచ్చాడు."

కేసు తేలినా డిటెక్టివ్‌కి రవ్వంత సంతోషం కలగలేదు. అసిస్టెంటు కళ్లు తుడుచుకున్నాడు.

ఆవిడ ఫిర్యాదు కాగితం మడిచి సంచిలో పెట్టింది. మరిది అలవాటుగా చెయ్యి చాపాడు. ఆవిడ సంచి ఇవ్వలేదు. తనే భుజాన వేసుకుని బయటికి నడిచింది.