అడుగున్నర మట్టి

"టేపు తీయకముందే ఒక్క మాట చెప్పండి మేడమ్. ఈ చెట్టు లావా, సన్నమా?"

గేటు దగ్గరే అడ్డం తగిలిన కుర్ర ఇంజనీరుని ఆమె ఎగాదిగా చూసింది.

"కంటితో చెప్పేసే పనైతే ఆఫీసువాళ్ళు నాకు టేపెందుకిస్తారండీ? పక్కకి జరగండి."

మునిసిపాలిటీలో చెట్ల అనుమతులు చూసే ఆమెని ఇళ్ళు కట్టించేవాళ్ళంతా వెనకాల 'టేపు మేడమ్' అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. సొంత స్థలమే అయినా సరే, మాను చుట్టుకొలత వంద సెంటీమీటర్లు ఉంటే ఆ చెట్టు జోలికి ఎవరూ పోకూడదు. చుట్టూ కంచె వేసి, వేళ్ళు తెగకుండా ఇల్లు కట్టుకోవాలి. వందకి తక్కువైతే మాత్రం కొట్టుకోమని ఆమే అనుమతి రాసివ్వాలి. ఆ కొలతని నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో తీయాలి.

"ఇది మా అత్తయ్య స్థలమండీ," అన్నాడతను. "మోకాళ్ళ ఆపరేషనైంది, మెట్లెక్కలేదు. కిందనే గది కట్టిస్తానని మాటిచ్చాను. ఆ గది సరిగ్గా ఈ పొగడ చెట్టు మీదకే వస్తోంది. నేను సొంతంగా కడుతున్న మొదటి ఇల్లు."

"ప్లాను మార్చి గీయొచ్చుగా?"

"మీకేం, నోటితో గీసేస్తారు!"

ఆమెకి నవ్వొచ్చింది. డ్యూటీలో నవ్వే అలవాటు లేక మింగేసింది.

"నేల ఎక్కడుంది?" అంది.

"ఇదిగో," అని అతను బూటుతో తట్టి చూపించి, టేపు రెండో కొస అందుకున్నాడు. చెరోవైపు నుంచి మాను చుట్టూ చేతులు చాపారు. కొసలు కలిసిన చోట వేళ్ళు తగిలాయి. ఇద్దరూ ఒక్కసారే టేపు వదిలేశారు. మళ్ళీ మొదటి నుంచి కొలవాల్సి వచ్చింది.

తొంభై ఎనిమిది.

రెండంటే రెండు సెంటీమీటర్లు తక్కువ! సంతకం పెట్టడానికి ఆమెకి చెయ్యి రాలేదు, కానీ పెట్టింది. కాగితం అందుకున్న ఇంజనీరు ముఖంలోనూ సంతోషమేమీ కనపడలేదు.

"శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి కోత మనుషులొస్తారు," అన్నాడు చెట్టువంక చూస్తూ. "మీరు మళ్ళీ ఎప్పుడైనా ఇటువైపు..." అని నీళ్ళు నమిలాడు.

"పనుంటే వస్తాను," అనేసి వెళ్ళిపోయింది. దారంతా తనని తానే తిట్టుకుంది.

గురువారం సాయంత్రం ఫైలు మూసేముందు ఆమె రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టింది. పని మొదలవకముందు తీసి దరఖాస్తుతో పంపిన మొదటి ఫొటోలో చెట్టు మొదట్లో లావుపాటి వేళ్ళు నేల మీద కాళ్ళు చాపుకుని ఉన్నాయి. తను తీసిన రెండో ఫొటోలో ఒక్క వేరూ లేదు. మాను తిన్నగా మట్టిలోకి దిగిపోయింది.

పునాది తవ్విన మట్టిని చెట్టు మొదట్లో పోసి చదును చేసేశారు. అడుగున్నర ఉంటుంది. తను ఆ మట్టి మీంచి కొలిచింది. పైకి పోయేకొద్దీ మాను సన్నబడుతుంది కదా, కొలత తగ్గక ఏమవుతుంది?

వెంటనే పై అధికారి దగ్గరికి పరుగెత్తింది.

"అనుమతి రద్దు చేయాలంటే నీ తప్పు నువ్వే రాసివ్వాలమ్మా," అన్నాడాయన. "ఆర్నెల్లు నిన్ను బయటికి పంపరు. ఆఫీసులో కూర్చుని ఫైళ్ళు చూసుకోవాలి. ఒక్క చెట్టు కోసం అవసరమా? ఆలోచించుకో."

"ఆలోచించాను సార్. కాగితమివ్వండి."

ఆర్నెల్లపాటు ఆ గేటు వైపు వెళ్ళే పనే ఉండదన్న సంగతి ఆమెకి సగం రాశాక తట్టింది. ఒక్క క్షణం పెన్ను ఆగింది. మిగతా సగం కూడా రాసి సంతకం పెట్టింది.

శుక్రవారం ఏడింటికల్లా వానలో తడుస్తూ వీధి మలుపు తిరిగింది. లోపల్నుంచి ధబ్ ధబ్‌మని చప్పుడు. అప్పుడే మొదలెట్టేశారా! గేటు తోసుకుని, "ఆపండి!" అని అరిచింది.

చెట్టు నిక్షేపంగా ఉంది. దాని మొదట్లో, మోకాళ్ళదాకా బురదలో, పార పట్టుకుని ఇంజనీరు నిలబడి ఉన్నాడు.

"ఏం చేస్తున్నారు మీరు?" అంది.

"నిన్నటి వానకి మట్టి జారి ఒక వేరు బయటపడింది. చూడగానే తెలిసిపోయింది. మట్టి పోయించింది నేనే, ఇదే నేలని బూటుతో తట్టిందీ నేనే. మీకు చెబుదామంటే నెంబరు లేదు. కోత మనుషుల్ని రావద్దన్నాను."

ఆమె సంచిలోంచి రద్దు కాగితం తీసి చూపించింది.

"ఏమిట్రా ఆ వేషం?" పక్కనే ఉన్న పాత ఇంటి వరండాలోంచి అత్తయ్య కర్ర తాటించుకుంటూ వచ్చింది. రిటైరైన లెక్కల టీచరు.

"లెక్క తప్పింది అత్తయ్యా."

"ఎవరు తప్పారు?"

"నేను," అన్నారిద్దరూ ఒకేసారి.

అత్తయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మళ్ళీ కొలవండి. నా ఎదురుగా."

అసలు నేల నుంచి కొలిచారు. నూట మూడు.

"మరి నా గది?" అందావిడ. ఈసారి గొంతులో టీచరు లేదు.

ఇంజనీరు చొక్కాలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. "ఉంది. కిందనే ఉంది. వేళ్ళకి దూరంగా పక్కకి జరిపాను. వంటగది కాస్త చిన్నదవుతుంది. మంచం మీద పడుకుంటే కిటికీలోంచి చెట్టు కనపడుతుంది."

"వంటగది చిన్నదైతే వంట నువ్వే చెయ్యి," అని ఆవిడ కాగితం లాక్కుని కళ్ళజోడు పెట్టుకుంది.

అతను గొంతు తగ్గించాడు. "కంచె చూడ్డానికి వారం వారం మీరే వస్తారుగా?"

"రాను. సోమవారం నుంచి ఆర్నెల్లు నన్ను ఆఫీసు దాటనివ్వరు. వేరే ఆయనొస్తాడు."

"నా బూటు వల్లే కదా ఇదంతా!"

"నా సంతకం వల్ల."

అతను మళ్ళీ పార అందుకున్నాడు. "పని లేకపోయినా రండి. నిజం చెప్పాలంటే, ఆ వేళ టేపు వదిలేసినప్పట్నుంచీ మీరే గుర్తొస్తున్నారు. మీరంటే నాకిష్టం."

"ఆ పార కింద పెట్టి చెప్పండి, భయమేస్తోంది," అంది. ముఖం మాత్రం ఎర్రబడిపోయింది.

పార కింద పెట్టేసి మళ్ళీ చెప్పాడు.

"అమ్మాయ్," అత్తయ్య ప్లాను మీంచి తల ఎత్తకుండానే అంది, "శనివారాలు నాకేం తోచదు. వస్తూ ఉండు. వాడు కాదు, ఈ ఇల్లు నాది, నేను పిలుస్తున్నాను. టేపు మాత్రం తేకు."

డ్యూటీలో ఉన్న సంగతి మరిచిపోయి ఆమె పకపకా నవ్వేసింది.

"రేపే శనివారమండీ," అంది.