విప్పినవాడే బిగించాలి

ఆ ఉదయం మాస్టారికి తొందరేమీ లేదు. ఇన్నేళ్ళూ శిక్షణ కేంద్రంలో కుర్రాళ్ళకి లేతు మిషను మీద ఇనుము చెక్కడం నేర్పిన మనిషి, రిటైరయ్యాక వచ్చిన మొదటి సోమవారం కాఫీ గ్లాసు పట్టుకుని, ఏం తోచక వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"కాస్త జరగండి," అంది భార్య, టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. అక్కడ పొద్దున్నే రద్దీ. "ఊరికే కూర్చోలేకపోతే పెరట్లో షెడ్డు రేకు చూడండి. గాలికి లేచిపోయింది. వాన పడితే..." అని ఆగిపోయింది.

"లోపల తడుస్తుంది," అన్నాడు మాస్టారు.

"రేకు మాత్రం చూడండి," అనేసి చెప్పులు వేసుకుంది.

ఆ ఇంట్లో షెడ్డు గురించిన మాటలన్నీ అలా సగంలోనే ఆగేవి. అందులో టార్పాలిన్ కింద పాత బ్రిటిష్ మోటార్ సైకిలు ఒకటుంది. ఆమె మొదటి భర్తది. ఆయన చనిపోయింది బండి మీద కాదు. ఒక సెలవురోజు ఇంజను విప్పి, సామాను డబ్బాల్లో సర్ది, రేపు బిగిస్తానని చేతులు కడుక్కున్నాడు. తెల్లారేసరికి జ్వరం. ఆసుపత్రికి నడిచి వెళ్ళిన మనిషి నడిచి తిరిగి రాలేదు. తర్వాత ఎవరో వచ్చి బండి కొంటామంటే ఆయన తల్లి షెడ్డుకి అడ్డంగా నిలబడింది. "విప్పినవాడే బిగించాలి. ఇంకెవరి చెయ్యీ పడ్డానికి వీల్లేదు," అంది. అప్పటికి వాళ్ళ కూతురు పాప నాలుగేళ్ళ పిల్ల.

ఆ తల్లే కొన్నాళ్ళకి కోడలికి మళ్ళీ పెళ్ళి చేసింది. మాస్టారిని తనే వెతికింది, తనే మాట్లాడింది. "నా మనవరాలిని మాత్రం నా కళ్ళముందు నుంచి తీసుకుపోకు నాయనా," అని ఒక్కటే అడిగింది. అలా మాస్టారు పెట్టె పట్టుకుని ఈ ఇంటికి వచ్చాడు. "మామగారింటికి ఇల్లరికం వెళ్ళినవాళ్ళు బోలెడుమంది. పెళ్ళాం అత్తగారింటికి ఇల్లరికం వచ్చింది నేనొక్కణ్ణే," అని స్నేహితుల దగ్గర నవ్వించేవాడు. నవ్వులు నవ్వులే గానీ, ఇంట్లో కుర్చీ ఇటునుంచి అటు జరిపినా ఎవరినో లేపి జరిపినట్టుండేది.

రేకు సరిచేయడానికి నిచ్చెన ఎక్కాడు. పైనుంచి చూస్తే టార్పాలిన్ చిరిగిపోయి, లోపల తుప్పు పట్టిన హ్యాండిలు కనిపించింది. దిగి, చాలాసేపు చూసి, టార్పాలిన్ లాగేశాడు.

చక్రాల చువ్వలు తేళ్ళ కొండీల్లా వంకర్లు తిరిగాయి. పెట్రోలు ట్యాంకు అడుగున జల్లెడే మిగిలింది. సీటు తోలు ఎలుకలు తినేశాయి. కానీ విప్పిన ఇంజను మీద కప్పిన గుడ్డకి నాలుగు మూలలా వేసిన ముడులు అలాగే ఉన్నాయి. ముడి వేసిన మనిషి ఇప్పుడే లేచి లోపలికి వెళ్ళినట్టుంది. మాస్టారికి ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే, పనివాడి చెయ్యి కదా, దురద కూడా పుట్టింది.

తన స్పానర్లు ఒక్కటీ పట్టలేదు. అవి వేరే కొలతలు, ఇంగ్లీషువాళ్ళ పాత మరలు. మూలన గుడ్డలో చుట్టిపెట్టిన ఆ చనిపోయిన మనిషి స్పానర్లే తీయాల్సి వచ్చింది. కిరసనాయిలు, బ్రష్షు తెచ్చుకుని ముందు ఇంజను కడిగాడు. రాయిలా గట్టిపడ్డ నల్ల గ్రీజంతా గీకి, కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో తుడిచి, కింద లోహం తెల్లగా బయటపడేసరికి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

అప్పుడే స్పానరు చేయి జారి నేల మీద ఖంగుమంది.

"చిట్టీ!" కిటికీలోంచి పెద్దావిడ గొంతు. "చెయ్యి నలిగిందా?"

మాస్టారు అక్కడే బిగుసుకుపోయాడు. చిట్టి అంటే పోయిన ఆవిడ కొడుకు. ఆవిడకి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ కనిపించవు. రోజంతా కిటికీ పక్క మంచం మీద రేడియో పెట్టుకుని కూర్చుంటుంది. నేను మాస్టారినండీ అని చెప్పబోయాడు. కానీ ఆ గొంతులో ఉన్న తేలిక అతను ఎప్పుడూ ఎరగడు.

"లేదు," అన్నాడు మెల్లగా.

"చూసుకో నాన్నా."

మర్నాడు భార్య గేటు దాటగానే మళ్ళీ షెడ్డులోకి వెళ్ళాడు. పెద్దావిడ మళ్ళీ పిలిచింది. "నీకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే పని కదరా! గడియారం విప్పావు, రేడియో విప్పావు. మీ నాన్న బెల్టు తీస్తే నా వెనకాల దాక్కున్నావు." మాస్టారు ఊఁ కొట్టాడు. ఆ తర్వాత రోజు కూడా. ఊఁ కాస్తా కొన్నాళ్ళకి "అవునమ్మా" అయింది. ఇన్నేళ్ళూ ఆవిడని "అమ్మగారూ" అనే పిలిచిన మనిషి.

బండిని తను బాగుచేస్తున్నాడో, బండే తనని తిప్పుకుంటోందో మాస్టారికి తెలియకుండా పోయింది. పోయినాయనది ఎడమచేతి వాటం. డబ్బాలన్నీ ఎడమవైపు అందేలా పేర్చి ఉన్నాయి. బిగుసుకుపోయిన పిస్టన్ మీద రోజూ నూనె పోసి, చెక్క ఆనించి తడుతూ ఉంటే, ఒక మధ్యాహ్నం అది నిట్టూర్చినట్టు చప్పుడు చేసి కిందికి దిగింది. మాస్టారు అదాటున వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఆ రోజు భోజనాల దగ్గర మంచినీళ్ళ గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు. భార్య ఆ చేతినే చూసి, కంచంలో మెతుకులు అలాగే వదిలేసి లేచిపోయింది.

"ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"బానే ఉంది. ఆ కిరసనాయిలు కంపు ఇంట్లోకి తేకండి."

ఒకరోజు ల్యాబులో మెషీను పాడై ఆమె మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. వచ్చేసరికి కిటికీలోంచి అత్తగారు, "చిట్టీ, ఎండెక్కింది, లోపలికి రారా," అంటోంది. షెడ్డులో వీపు కనిపించేలా కూర్చున్న మనిషి, "ఐదు నిమిషాలమ్మా," అన్నాడు.

ఆమె చేతిలో సంచీ జారిపోయింది. మాస్టారు వెనక్కి తిరిగాడు. ఆమె ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"అది కాదు, ఆవిడే మొదట..."

"ఆవిడకి కళ్ళు లేవు. మీకూ లేవా? ముసలావిడని మోసం చెయ్యడానికి నోరెలా వచ్చింది?"

"ఆవిడ కడుపునిండా అన్నం తింటోంది. పాటలు పాడుకుంటోంది. నువ్వు చూడలేదూ?"

"మరి నా సంగతో? గేటు తీసి మిమ్మల్ని వెనకనుంచి చూసి ఎవరనుకున్నానో తెలుసా? ఆయన్ని మరిచిపోవడానికి నాకు సగం జీవితం పట్టింది. మీరేమో తెచ్చి పెరట్లో కూర్చోబెట్టారు. నేను పెళ్ళి చేసుకుంది మిమ్మల్నండీ, ఆయన దెయ్యాన్ని కాదు!"

మాస్టారు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అనకూడదనుకుంటూనే అన్నాడు. "మరిచిపోయావా? మరిచిపోయినదానివైతే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆయన సంగతి నాతో చెప్పేదానివి."

ఆమె కింద పడిన సంచీ తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆదివారం పాప వచ్చింది. పెళ్ళయి, తనూ ఒక పిల్ల తల్లయినా ఆ ఇంట్లో ఆమె పాపే. తల్లి ఫోనులో ఏం చెప్పిందో గానీ, వాకిట్లో చెప్పులు కూడా విడవకుండా సరాసరి షెడ్డులోకి నడిచింది. నల్ల రంగు, కొత్త చువ్వలు, అతుకు వేసిన ట్యాంకుతో బండి కొత్త పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. ఆమె దాన్నేమీ చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఇంజను పక్క మూత కింద బొటనవేలితో తడమడం మొదలుపెట్టింది. అటూ తడిమింది, ఇటూ తడిమింది.

"ఇక్కడ ఉండాలి. ఏదీ?"

"ఏంటమ్మా?" అన్నాడు మాస్టారు.

"నాన్న వేలిముద్ర. గ్రీజులో పడి ఎండిపోయింది. గీతలతో సహా ఉండేది." ఆమె వేలు ఇంకా అక్కడే తడుముతోంది. "చిన్నప్పుడు ఎవరూ చూడకుండా టార్పాలిన్ కింద దూరి, గుడ్డ అంచులోంచి చెయ్యి పోనిచ్చి అందులో నా వేలు పెట్టేదాన్ని. ఏటేటా నా వేలు అందులో నిండుతూ వచ్చింది. పెళ్ళిరోజు పొద్దున కూడా వచ్చి పెట్టి వెళ్ళాను. ఏదీ మాస్టారూ?"

మాస్టారికి గుర్తొచ్చింది. మొదటిరోజే, సంబరపడుతూ గీకి పారేసిన గ్రీజు. "తెలీలేదమ్మా," అన్నాడు. "తుడిచేశాను."

"తుడిచేశారా! మా నాన్నది నాకు మిగిలిందే అది. మీకు ఇల్లు ఇచ్చాం, అమ్మని ఇచ్చాం, ఇది కూడా కావాల్సొచ్చిందా?"

"పాపా!" అని అరిచింది తల్లి వెనకనుంచి. ఎవరి మీద కోపంతో వచ్చిందో ఆమెకే గుర్తులేనట్టుంది. "ఎవర్ని ఏమంటున్నావో తెలుస్తోందా?"

"నువ్వు మాట్లాడకమ్మా. నాన్న ఎలా ఉండేవాడని అడిగితే, వెళ్ళి చదువుకో అనేదానివి. ఆ వేలిముద్ర తప్ప నాకు నాన్న సంగతి చెప్పిందెవరు?"

గోడ తడుముకుంటూ పెద్దావిడ ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు. "మాస్టారూ, నాకు పీట వెయ్యి," అంది.

ముగ్గురూ అటు తిరిగారు. చిట్టీ అనలేదు, మాస్టారూ అంది.

"అత్తయ్యా, మీకు తెలుసా?" అంది కోడలు.

"చూపు పోయింది గానీ నాకు మతి పోలేదే," అంది పెద్దావిడ, మాస్టారు వేసిన పీట మీద కూర్చుంటూ. "వాడు స్పానరు పడేస్తే ఒక తిట్టు తిట్టేవాడు. ఈయన పడేస్తే నోరు కూడా పెగలదు. మొదటిరోజే తెలుసు నాకు. కన్నకొడుకు చప్పుడు తెలీదూ?"

"మరి చిట్టీ అని ఎందుకు పిలిచావు నానమ్మా?"

పెద్దావిడ కాసేపు చీర చెంగు వేళ్ళకి చుట్టుకుంది. "ఆ పేరు పిలవక ఎంతకాలమైందో నీకు తెలుసా? పిలిస్తే మీ అమ్మ ఏడుస్తుందని నేను మానేశాను. ఎత్తితే నేను కుప్పకూలతానని మీ అమ్మ మానేసింది. మధ్యలో ఈ పిచ్చి మనిషి, మా ఇద్దరి ముఖాలూ చూసి ఆ ఊసే ఎత్తలేదు. ఏదో తెలీక నోరు జారినట్టు పిలిచాను. లేదు అన్నాడు చూడు... పిలిస్తే పలికాడే! ఇంకోసారి పిలవాలనిపించింది. ఆశ! అంతే." కళ్ళ నీళ్ళు ముడతల్లోంచి దారి వెతుక్కుంటూ దిగాయి. "తప్పు నాదే మాస్టారూ. నిన్ను నీ ఇంట్లోనే దెయ్యాన్ని చేశాను."

మాస్టారు ఆవిడ పక్కన నేల మీద కూలబడ్డాడు. "నాకు అమ్మ పోయి చాలాకాలమైంది," అన్నాడు.

పాప వెక్కి వెక్కి ఏడుస్తోంది. మాస్టారు లేచి ఆమె దగ్గరికి వెళ్ళాడు. "వేలిముద్ర తేలేనమ్మా. ఎంత పని చేసినా తేలేను. ఒక్కటి మాత్రం చెప్తాను. ఆ మూత వెనకాల నూనె కారకుండా కాగితం వేస్తారు. మీ నాన్న దళసరి కాగితం కత్తిరించి, నూనెలో ముంచి డబ్బాలో పెట్టుకున్నాడు. ఎడమచేత్తో కోసినట్టున్నాడు, ఒకవైపు కాస్త వంకర. కొత్తది వెయ్యొచ్చు. నేను వెయ్యలేదు. ఆయన కోసిందే లోపల ఉంది."

"నాకు కనిపించదుగా," అంది పాప.

"కనిపించదు," అని ఒప్పుకున్నాడు మాస్టారు.

ఆమె ముక్కు తుడుచుకుంది. బండి హ్యాండిలు మీద చెయ్యి వేసింది. చివరికి, "నడుస్తుందా?" అంది.

"ఇంతవరకూ స్టార్ట్ చెయ్యలేదు. నా మోకాళ్ళకి అంత బలం లేదు, ధైర్యమూ లేదు."

పాప చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. మాస్టారు చెప్పినట్టే కార్బురేటరు మీది బుడిపె నొక్కింది. పెట్రోలు చిమ్మింది. కిక్కు మీద నిలబడి ఒక్క తొక్కు తొక్కింది. ఏమీ లేదు. మళ్ళీ. ఈసారి అది వెనక్కి తన్ని, పాపని దాదాపు పడేసింది. "మీ నాన్ననీ ఇలాగే తన్నేది," అంది పెద్దావిడ. ఆ తర్వాతి తొక్కుకి ఢామ్మని పేలి, నల్లపొగ కక్కి, డబడబమంటూ అందుకుంది. మధ్యమధ్యలో ఒక దెబ్బ మింగేస్తూ, మళ్ళీ ఎత్తుకుంటూ, షెడ్డు రేకులన్నీ వణికించింది. పెద్దావిడ రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎవరో గేటు తీసుకుని లోపలికి వచ్చి, అందరి మధ్యా నిలబడ్డట్టుంది. ఒక్క నిమిషమైనా తిరగకుండానే ఇంజను దగ్గి ఆగిపోయింది. పొగ మాత్రం అక్కడే తిరుగుతోంది.

భార్య ఆ పొగలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చింది. "ఈ వాసనే," అంది. "చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు." అని, ముఖం కప్పుకోకుండా, దాచుకోకుండా ఏడ్చింది. ఆయన పోయిన రోజు కూడా ఇలా ఏడవలేదని పెద్దావిడకి తెలుసు.

మాస్టారు ఆమె పక్కకి వచ్చాడు. నల్లటి చేత్తో ముట్టుకోవడమా వద్దా అని తటపటాయించాడు. ఆమే ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎలాంటివాడు ఆయన?" అని అడిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి.

ఆమె పీట పక్కనే నేల మీద కూర్చుంది. పాప వచ్చి తల్లి భుజానికి ఆనుకుంది.

"పిరికివాడు," అంది ఆమె. "సూదంటే చచ్చేంత భయం. రక్తం ఇవ్వడానికి మా ల్యాబుకి వచ్చి, కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టేసుకున్నాడు. సూది తీసేశాక కూడా వదల్లేదు. బయట వరసలో ఉన్నవాళ్ళంతా ఒకటే నవ్వు."

"అలాగా పరిచయం!" అంది పెద్దావిడ ఆశ్చర్యంగా. "నాకు బస్సులో అని చెప్పాడే ఆ వెధవ!"

పాప ఏడుపులోనే కిసుక్కున నవ్వింది. తల్లి కూడా నవ్వి, చెంగుతో ముఖం తుడుచుకుని, ఆయన పేరు పైకి పలికింది. చిట్టి అని కాదు, అసలు పేరు, పూర్తిగా. ఆ పేరు పెట్టి, ఆ వరసలో నిలబడిన మనిషి ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చెప్పడం మొదలుపెట్టింది.

పెద్దావిడ చెయ్యి చాపి కోడలి మోకాలు తడుముకుంది. "ఊఁ, తర్వాత?" అంది.