మూడో గుంటలో సుత్తి చప్పుడు

చీకటిపడ్డాక మూడో గుంట వైపు ఎవరూ వెళ్లరు. డీజిల్ రైలింజన్లు తయారయ్యే ఆ షెడ్డులో, క్రేనుతో ఇంజనును చట్రం మీదికి దింపాక, కిందనుంచి బోల్టులు బిగించేది ఆ గుంటలో నిలబడే. ఏడాదిగా రాత్రిళ్లు అందులో సుత్తి చప్పుడు వినిపిస్తోందట... తొంగి చూస్తే మనిషి ఉండడట.

ఈ సంగతి ఊరంతా చాటినవాడు తొందరబాబు. అది అసలు పేరు కాదులెండి. ఏ పనీ నిదానంగా చేసి ఎరగని ఫిట్టరు గనక అలా ఖాయమైపోయింది.

ఆ సాయంత్రం కూడా తొందరే. బోల్టును రెంచితో ‘టక్కు’మనేదాకా బిగించి, ఆ తర్వాతే దానిమీద పసుపు గీత గీయాలి. గీత ఉందంటే ఇంకెవరూ ముట్టుకోరు, ఫిట్టరు మాట ఇచ్చినట్టే. సైరన్ మోగేసరికి నాలుగు మిగిలాయి. వాటికి ఉత్త గీతలు గీసేసి ఇంటికి చెక్కేశాడు.

రాత్రి అక్క ఫోను చేసింది. పొద్దున్నే ఆ ఇంజనును ట్రయల్‌కి నడిపేది బావేనట.

ముద్ద దిగలేదు. కాసేపు పక్కమీద దొర్లి, ఇక ఉండలేక లేచి వెళ్లాడు. అన్నం డబ్బా మర్చిపోయానని గేటు దగ్గర అబద్ధం చెప్పి, రెంచి తీసుకుని, చీకట్లో తడుముకుంటూ మూడో గుంట దాకా వచ్చాడు.

టంగ్.

కాళ్లు ఆగిపోయాయి.

టంగ్... టంగ్... బిగిసిన బోల్టు మోత అది. మళ్లీ టంగ్... ఆ తర్వాత—

డబ్.

వదులు బోల్టు. తనదే. దెయ్యానికి తన దొంగ గీత ఎలా తెలిసింది? పారిపోదామనుకున్నాడు. బావ గుర్తొచ్చి, ఇంకో మూడు ‘డబ్’లు వింటూనే మెట్లు దిగాడు.

అడుగున చిన్న టార్చి వెలుగు. సుత్తి పట్టుకుని ఉన్నది... తనకు ఈ ఉద్యోగం ఇప్పించిన బాబాయి. షెడ్డు ఇన్‌స్పెక్టరు. మావాడి పనికి తిరుగులేదని అందరితో చెప్పుకుంటూ, ఏడాదిగా రాత్రి డ్యూటీ అడిగి మరీ వేయించుకుంటున్న మనిషి.

“బావ ఎక్కుతున్నాడు బాబాయ్... అందుకే వచ్చా,” అన్నాడు.

“ఇవాళ నాలుగేరా,” అన్నాడు బాబాయి మెల్లగా. “పోయినవారం ఏడు. ఆ ఇంజనెక్కినవాళ్లు ఎవరి బావలో మరి.”

సిగ్గుతో చచ్చిపోయాడు. తిట్టినా బాగుండేది. బాబాయి పక్కకి జరిగి టార్చి పట్టుకున్నాడంతే. ఒకటొకటిగా నాలుగు ‘టక్కు’లు వినిపించాయి.

బాబాయి రిటైరై మూడేళ్లయింది. గుంటలో చప్పుడు మాత్రం ఆగలేదు. కొత్తగా చేరినవాళ్లు భయంభయంగా తొందరబాబునే అడుగుతారు, నిజంగా దెయ్యముందా అన్నా అని.

ఉందంటాడు, తల దించుకుని, జేబులోని సుత్తి పైకి కనిపించకుండా చెయ్యి అడ్డుపెట్టుకుని. లేదని చెబితే తన పాత దొంగ గీతల సంగతి చెప్పాల్సొస్తుంది.