కంబదూరు సంతకు పదకొండు బైట్లు

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు ఉరవకొండ ఎద్దుల సంతలో ఒక దళారి కదిరప్ప కుడిచేతిని పట్టుకుని పైన ఎర్ర తువాలు కప్పాడు.

చూసేవాళ్లకు అందులో వింత లేదు. ఎద్దుల బేరం అక్కడ నోటితో చేయరు. తువాలు కింద వేళ్లు పట్టుకుని చేస్తారు, పక్కవాడికి ధర తెలియకుండా. దళారి మొదట నాలుగు వేళ్లు నొక్కాడు. తర్వాత ఒకటి. మళ్లీ నాలుగు. ఏ ఎద్దుకూ ఆ ధర ఉండదు. అది గూఢచారి డిపార్ట్‌మెంట్ కోడ్: ప్రాణాల మీదికి వచ్చిన పని.

కదిరప్ప రెండు వేళ్లు నొక్కాడు. విన్నాను అని.

దళారి వేషంలో ఉన్నవాడు శ్రీరంగప్ప, బెంగళూరు బ్రాంచి చీఫ్. ఎద్దు పళ్లు చూస్తున్నట్టు వంగి గొంతు తగ్గించాడు.

"తిప్పేస్వామి అని, రేంజిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. శుక్రవారం సైకిల్ మీద పోతాంటే జీపు గుద్ది చంపింది. నంబర్ ప్లేటు లేదు. సంచి మాయం. సంచిలో రెండు ఫ్లాపీలు."

"రేంజి అంటే? ఆ వాన పరిశోధన కేంద్రమా?"

"బోర్డు అట్ల ఉండాది. లోపల రాకెట్. మంగళవారం పదకొండుకు టెస్టు. సింగపూర్ ముఠా టెలెక్స్ ఒకటి పట్టుకున్నాము. ఆ రాకెట్ దారి మళ్లి కంబదూరు సంత మీద పడతాదంట. ఎట్లా అనేది అందులో లేదు."

తువాలు కింద కదిరప్ప అతని వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు. కంబదూరు కదిరప్ప ఊరు. మంగళవారం సంతలో అతని శనక్కాయల దుకాణంలో కూర్చునేది అతని భార్య భద్రమ్మ.

"టెస్టు ఆపండి."

"ఇదివరకు రెండుసార్లు ఆపిస్తి. రెండుసార్లూ ఏమీ దొరకలే. ఈసారి రుజువు లేకుండా ఆపమంటే ఢిల్లీ నన్నే ఆపుతాది."

"అయితే సంత ఆపండి."

"ఏమని చెప్పి ఆపాల? గుట్టంతా బయట పడతాది. మనుషులు సచ్చినాక ప్రాజెక్టు మూసేస్తారు, వాళ్లకు కావాల్సింది అదే. రుజువు తీసుకరా అన్నా. రేంజిలో మనవాడు రామదాసు, ల్యాబు హెడ్. షీలా అని ఒకామె ఉండాది, జాగ్రత్త."

ఎద్దు బేరం కుదరలేదన్నట్టు ఇద్దరూ చేతులు విదిలించుకున్నారు.

కదిరప్పకు యాభై మూడేళ్లు. అందులో పద్దెనిమిదేళ్లు ఈ పనికే పోయాయి. మారువేషం ఎప్పుడూ వేయలేదు. శనక్కాయల వ్యాపారి వేషం పుట్టుకతోనే వచ్చింది. నన్ను వదిలిపెట్టండి అని రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. గిట్టని వ్యాపారం మనిషి మానడానికి ఒకే అడ్డం ఉంటుంది. ఇన్నాళ్లు పెట్టింది పోతుందేమో అన్న భయం. అది తెలిసినవాడే కదిరప్ప. తెలిసీ మానలేదు.

సోమవారం సాయంత్రం ఇంట్లో, కంచం ముందు కూర్చుని, మాట వదిలాడు.

"రేపు సంతకు పోవద్దులే."

భద్రమ్మ జొన్నసంకటి ముద్ద పెడుతూ ఆగింది. "ఎందుకంట?"

"ఎండలు."

"ఈ ఊర్లో ఎండలు కొత్తగా వచ్చినాయా? మూడేండ్లనుంచి వాన లేదు. వారానికొక దినం నాలుగు మూటలు కదుల్తాండాయి. అదీ మూసుకోమంటావా? నీకేం, నూనె డబ్బాలని ఊర్లు తిరుగుతాంటావు."

నిజం చెప్పడానికి లేదు. చెప్పినా ఆమె ఊరంతటికీ చెప్పకుండా ఉండదు, ఉండకూడదు కూడా. కదిరప్ప మజ్జిగ పోసుకున్నాడు. ఆమెను ఒక్కదాన్ని ఆపితే తక్కినవాళ్ల మాటేమిటి? ఆ లెక్క ఎటు తిప్పినా కుదరలేదు.

మంగళవారం ఎనిమిదిన్నరకు రేంజి క్యాంటీన్ ముందు నూనె డబ్బాలు దించాడు. గేటు బయట నలుగురు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు, వాన కురిపించే రాకెట్ అని నమ్మి, దాన్ని చూడాలని తెల్లవారుజామునే నడిచి వచ్చినవాళ్లు.

క్యాంటీన్‌లో నల్ల కళ్లద్దాలు, ధర్మవరం పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు. టీ గ్లాసును రెండు వేళ్లతో పట్టుకుని ఒకామె ఇంగ్లీషు పేపరు చదువుతోంది. విజిటింగ్ కార్డు మీద మిస్ షీలా, సేల్స్ ఇంజినీర్. ధర్మవరం మగ్గాల వీధిలో మాత్రం చౌడమ్మ. రేంజికి సాఫ్ట్‌వేర్ టూల్స్ అమ్మిన విదేశీ కంపెనీ మనిషి. ముఠా కబుర్లు డిపార్ట్‌మెంట్‌కు, డిపార్ట్‌మెంట్ కబుర్లు ముఠాకు చేరవేస్తుందని ఫైల్లో ఉంది. ఇద్దరికీ సగం సగం నిజమే ఇస్తుందట. సరుకు తెలిసిన మనిషే అనుకున్నాడు కదిరప్ప.

ల్యాబులో రామదాసు ఒక్కడే ఉన్నాడు. గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి.

"కొత్తకాయ నూనె ఈసారి వగరుగా ఉండాది," అన్నాడు కదిరప్ప.

"గానుగది తప్పు," అన్నాడు రామదాసు. కోడ్ సరిపోయింది. కుర్చీ చూపించాడు. "కానీ నువ్వు వచ్చీ లాభం లేదన్నా. అంతా చెక్ చేసినాం. తప్పు లేదు."

"నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

రామదాసు చెప్పాడు. రాకెట్ కడుపులో ఒక మైక్రోప్రాసెసర్ ఉంటుంది. ఏ సెకనుకు ఏం చేయాలో దానికి చెప్పే ప్రోగ్రాం ఒక చిప్‌లో ఉంటుంది. మనుషులు రాసిన ప్రోగ్రాంను చిప్‌కు తెలిసే అంకెలుగా మార్చే టూల్ అసెంబ్లర్. రాకెట్‌లో పెట్టక ముందే ఆ ప్రోగ్రాంను టేబుల్ మీద నడిపించి చూసే పెట్టె ఎమ్యులేటర్.

"ప్రోగ్రాంను లైను లైనూ ముగ్గురం చదివినాం. ఎమ్యులేటర్ మీద నాలుగుసార్లు నడిపినాం. రాకెట్ అంగుళం కూడా పక్కకు పోలే. చిప్‌లో అంకెలన్నీ కూడితే రావాల్సిన చెక్‌సమ్ వచ్చింది."

"ఆ కూడిక ఎవరు చేసినారు?"

"అసెంబ్లర్ చేసింది."

"అది ఎవరిది?"

"షీలా కంపెనీది. పోయిన నెల కొత్త వెర్షన్ తెచ్చి ఆమే ఎక్కించింది."

"ఎమ్యులేటర్?"

"అదీ వాళ్లదే."

కదిరప్ప తువాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఏమప్పా, ఇంత చదువుకున్నారు. సరుకు అంకెలుగా చేసింది వాడే, తక్కెడ వాడిదే, తూనికరాళ్లూ వాడివే. తూకం సరిగా వచ్చిందని మీరు సంబరపడతాండారు. మా సంతలో చిన్నపిల్లోడు కూడా ఇట్ల మోసపోడు."

"మీరేం చేస్తారు మరి?"

"తక్కెడ మీద అనుమానమొస్తే పళ్లాలు మారుస్తాం. రాళ్లుండే పక్క సరుకు, సరుకుండే పక్క రాళ్లు. దొంగ తక్కెడైతే ఆడే మొగ్గుతాది. అది కుదరకపోతే ఇంకో దుకాణంలో తక్కెడ అడిగి తెచ్చి తూస్తాం. ఇదే ప్రోగ్రాంను ఇంకొక అసెంబ్లర్‌తో చేయించలేరా?"

రామదాసు బీరువా దగ్గరికి నడిచాడు. కింది అరలోంచి దుమ్ము పట్టిన రెండు కాగితం చుట్టలు తీశాడు. పొడుగునా చిల్లులు పొడిచిన పేపర్ టేపులు.

"తిప్పేస్వామి సొంతంగా రాసుకున్న అసెంబ్లర్. రెండోది మన ప్రోగ్రాం. ఫ్లాపీలను నమ్మేవాడు కాదు, అన్నీ టేపు మీద ఇంకో కాపీ పెట్టుకునేవాడు. కంపెనీ టూల్ మూడు నిమిషాల్లో చేసే పని ఇది గంట చేస్తాది. నవ్వేవాళ్లం." టేపు మీది దుమ్ము తుడిచాడు. "పోయిన వారం నా దగ్గరికొచ్చి, సార్, రెండింటికీ తేడా వస్తాండాది అన్నాడు. నీ టూల్‌లోనే తప్పుంటుంది పో అన్నా."

"ఆ మాట తర్వాత ఏడుద్దువు. గంట అన్నావు. తొమ్మిదిన్నరయింది."

మూలనున్న పాత టెలిటైప్ కటకటమంటూ మేలుకుంది. పాత టేపులు మింగి, తయారైన అంకెలను కొత్త టేపు మీద పొడవడం మొదలుపెట్టింది. రామదాసు, రాకెట్‌లో ఉన్నదానికి జంటగా చేసిన స్పేర్ చిప్‌ను తిప్పేస్వామి చేతితో చేసిన బోర్డులో పెట్టి, అందులోని అంకెలను కూడా ఒక టేపు మీదికి పొడిపించే ఏర్పాటు చేశాడు. కదిరప్పకు చేయడానికేమీ లేదు. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఈపాటికి భద్రమ్మ మూటల మూతులు విప్పి ఉంటుంది.

పది ముప్పై అయిదుకు షీలా వచ్చింది.

"గుడ్ మార్నింగ్ రామదాసు గారూ, ఆల్ ది బెస్ట్ చెబుదామని." నవ్వుతూ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పౌడర్ డబ్బా తీసింది. మొహం చూసుకుని, మాటల్లో పడినట్టు, డబ్బాను ఫ్లాపీల దొంతర మీద పెట్టింది. పక్కనే గిన్నెలో ఉన్న గుండుసూదులు ఒక్కసారిగా డబ్బా వైపు పాకాయి.

అయస్కాంతం. ఫ్లాపీల మీది సమాచారం తుడిచిపెట్టుకు పోతుంది.

కదిరప్ప కదల్లేదు. "పెట్టుకో తల్లీ. అవి పోయినా పర్వాలేదు. కాగితం మీద చిల్లులను అయస్కాంతం ఏం చేస్తాది?"

షీలా అప్పుడు చూసింది టెలిటైప్ వైపు. నవ్వు ఆరిపోయింది. బ్యాగ్‌లోంచి ఈసారి చిన్న పిస్టల్ వచ్చింది.

"మిషన్ ఆపండి. ఫోన్ చేద్దామనుకోకండి, వైరు కట్ చేశాను."

రామదాసు చేతులు ఎత్తాడు. టెలిటైప్‌కు పిస్టల్ కనిపించదు కాబట్టి దాని పని అది చేసుకుంటూ పోయింది. పది ముప్పై ఎనిమిదికి చివరి చిల్లు పొడిచి ఆగింది.

"కాల్చాలంటే కాల్చు," అన్నాడు కదిరప్ప అలసటగా లేస్తూ. "చేతికొచ్చిన సరుకు చూడకుండా సచ్చే వ్యాపారిని కాదు నేను. నువ్వూ చూడు, నువ్వు అమ్మిందే కదా."

కొత్తగా పొడిచిన రెండు టేపులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ ముందు ఎండకు పట్టాడు. బయట బయలంతా తెల్లగా మండుతోంది. రెండింటి చిల్లులూ ఒకటే అయితే ఎండ సూటిగా అవతలికి వస్తుంది. మూరమూరకూ లాగుతూ పోయాడు. వెలుగు, వెలుగు, వెలుగు. ఇరవై అడుగుల దగ్గర చిల్లులు మూసుకుపోయాయి.

"ఆపు!" రామదాసు పిస్టల్ మాట మరిచి పరిగెత్తాడు. వేలితో లెక్కపెట్టాడు. "పదకొండు బైట్లు తేడా. ప్రోగ్రాంలో లేనివి, ఆ అసెంబ్లర్ దొంగతనంగా కలిపింది. ఎమ్యులేటర్ వాటిని దాచిపెట్టి మంచివే చూపించింది." కాగితం మీద రాసుకుంటూ పెదవులు కదిపాడు. "ఎగిరిన అరవయ్యో సెకనుకు... దక్షిణానికి తిరుగు..." స్కేలు తీసి గోడ మీది మ్యాపుపై గీత గీశాడు. గీత ఎక్కడ ఆగిందో ముగ్గురూ చూశారు.

"కంబదూరా?" షీలా కళ్లద్దాలు తీసింది. ఇంగ్లీషు, మర్యాద, రెండూ ఎటో పోయి చౌడమ్మ మాట్లాడింది. "బయలు మీద పడతాది, టెస్టు ఫెయిలైతాది, అంతే అని చెప్పినారే నాకు! ఈ పొద్దు సంత కదా ఆడ!"

"అవును. మా ఆడది ఆడ కూచోనుండాది."

"తిప్పేస్వామిని సంపుతారని కూడా నాకు తెలీదన్నా. సంచి తెస్తాం అన్నారు."

"తెలీదులే. నీకు సగమే చెప్తారు, నువ్వు అందరికీ సగమే చెప్పినట్ల. ఒకటి ఆలోచించుకో. ఆ వెర్షన్ ఎక్కించిన కాగితం మీద ఎవరి సంతకం ఉండాది? రాకెట్ పడినాక సింగపూర్ వాళ్లకు నువ్వు ఎందుకు పనికొస్తావు?"

ఆమె పిస్టల్ వైపు చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు. తర్వాత బ్యాగ్‌లో పడేసింది.

"కంట్రోల్ రూమ్ ఎంత దూరం?"

"ఆరు కిలోమీటర్లు," అన్నాడు రామదాసు. "నడిచి అందుకోలేం."

"నా జీపు ఉండాది. రాండి."

ఎత్తు మడమల చెప్పులు వరండాలోనే విడిచి ఆమె ఉత్తకాళ్లతో జీపు తోలింది. రోడ్డు లేదు, రాళ్లు, కంపచెట్లు. మొదటి గేటు దగ్గర సెంట్రీ ఆపాడు, రామదాసు పాస్ చూపించాడు. రెండో గేటు వాడు పాస్ కూడా చూడనన్నాడు. కౌంట్‌డౌన్‌లో ఎవరినీ వదలకూడదని ఆర్డరట, టెస్టు ఆపమని అడిగే అధికారం తనకు లేదట. వైర్‌లెస్‌లో అడిగి రావడానికి మూడు నిమిషాలు పట్టింది. కదిరప్ప ఆ మూడు నిమిషాలూ జీపులోనే కూర్చున్నాడు. ఆర్డర్లు పాటించే మనిషి మీద అరిచి ప్రయోజనం ఉండదని పద్దెనిమిదేళ్లలో నేర్చుకున్నాడు.

కంట్రోల్ రూమ్ తలుపు తోసేసరికి లౌడ్‌స్పీకర్‌లో సెకన్ల లెక్క యాభై దాటి దిగుతోంది. రామదాసు రెండు టేపులనూ మెడలో దండలాగ వేసుకునే పరిగెత్తాడు. ఒక ఆఫీసరు చెయ్యి పట్టుకున్నాడు. కదిరప్ప ఆ ఆఫీసరు నడుము పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి పడ్డారు. పడిపోతూనే రామదాసు అరచేయి ఎర్ర హోల్డ్ బటన్ మీద పడింది.

గడియారం ముప్పై ఏడు సెకన్ల దగ్గర నిలిచింది.

టేపులను కిటికీకి పట్టి చూపించడానికి మరో పావుగంట. ఆ తర్వాత టెస్టు రద్దు చేశారు. చౌడమ్మ సింగపూర్ పేర్లన్నీ రాసి ఇచ్చింది. ఈసారి సగం కాదు, పూర్తిగా. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమెను వ్యాను ఎక్కించేటప్పుడు, ల్యాబు వరండాలో నా చెప్పులున్నాయి తెప్పించండి అంది.

రామదాసు కదిరప్పను బస్టాపు దగ్గర దింపాడు.

"ఇకనుంచి అన్నీ తిప్పేస్వామి టూల్‌తోనే చేస్తామన్నా."

"మరి దాంట్లో తప్పుంటే?"

కదిరప్ప రామదాసు భుజం తట్టి బస్సెక్కి, కంబదూరు వచ్చేదాకా కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

మూడు గంటలకు సంత నిండుగా ఉంది. ఎడ్లబండ్లు, మిరపకాయల ఘాటు, ఒకరినొకరు తిట్టుకునే గొంతులు. భద్రమ్మ మూటల నడుమ చెంగుతో విసురుకుంటోంది. కదిరప్ప ఎదురుగా నిలబడి కొంచెంసేపు ఊరికే చూశాడు.

"ఏంది, దయ్యాన్ని చూసినట్ల చూస్తాండావు?" అందామె. "పొద్దున్నించి యాడ పోయినావు? మున్సబు వీధిలోకి నీళ్ల ట్యాంకరొచ్చింది. బిందెలు ఎత్తుకోని పో, నిలబడొద్దు."

ఒక రాకెట్‌ను ముప్పై ఏడు సెకన్ల ముందు ఆపి వచ్చిన మనిషి రెండు బిందెలు తీసుకుని ట్యాంకరు దగ్గరికి వెళ్లాడు. అతనికి ముందు నలభై ఒక్క బిందెలున్నాయి.