వెళ్ళొస్తానన్న మాట

"ఇంకొంచెం దగ్గరికొచ్చి మాట్లాడండి, భయపడదు," అన్నాడు డాక్టర్ కమలాకర్, అరచేతిలో పట్టేంత మెషీన్‌ని సత్యవేణి ముందుకు చాపి.

ఆమె ఎదురుగా నేలబాతు నిలబడి ఉంది. తీరానికి గంట ప్రయాణంలో ఉన్న ఈ బూడిదదిబ్బ దీవిలో తప్ప మరెక్కడా లేని పక్షి అది. రెక్కలున్నా ఎగరదు, మనిషిని చూసి పారిపోదు. మెషీన్ దాని కూతల్లోని ఫ్రీక్వెన్సీలను విడగొట్టి, ఏ కూత తర్వాత అది ఏం చేస్తుందో గమనించి, అర్థాన్ని తెలుగులో పలుకుతుంది. మన మాటని మన గొంతుతోనే కూతగా మార్చి దానికి వినిపిస్తుంది కూడా. ఆ రోజే మొదటి ట్రయల్. పొద్దున్నే విహారానికని పడవలో వచ్చిన జనంలో ధైర్యంగా ముందుకొచ్చింది, కాకినాడలో బట్టలు కుట్టే సత్యవేణి ఒక్కతే.

"తిన్నావా?" అని అడిగింది. మనవాళ్ళు ముందుగా ఇంకేం అడుగుతారు!

"తిన్నాను," అంది మెషీన్. జనం చప్పట్లు కొట్టారు. సాయంత్రం దాకా ఇద్దరికీ కబుర్లే కబుర్లు. పడవెక్కబోతూ సత్యవేణి అలవాటుగా, మెషీన్ ద్వారానే బాతుతో, "వెళ్ళొస్తానమ్మా," అంది.

వారం తిరక్కుండానే డాక్టర్ ఫోన్ చేశాడు.

"మీరోసారి రావాలండి. ఆ బాతు ఒడ్డు మీంచి కదలట్లేదు, తిండి మానేసింది. వీటిల్లో ఒకటి వస్తానని కూసి వెళ్తే, అది తిరిగొచ్చేదాకా రెండోది ఏమీ ముట్టదు."

"అయ్యో! ఏదో మాటవరసకి అన్నానండీ. 'పోతాను' అనకూడదు కదా!"

"దానికి మాటవరసలు తెలీవు. తప్పు నాదేనండి. మెషీన్‌కి మాటలు నేర్పాను గానీ మర్యాదలు నేర్పలేదు. నేనెంత చెప్పినా వినట్లేదు, మాటిచ్చిన గొంతే కావాలి దానికి."

మర్నాడు సత్యవేణి పడవ దిగగానే బాతు తూలుకుంటూ ఎదురొచ్చింది. ఎముకలు తేలిపోయాయి.

"వచ్చావు," అంది మెషీన్.

సత్యవేణి సిగ్గుతో చచ్చిపోయింది. ఒక్క మాటతో నోరులేని ప్రాణిని చంపబోయానే అని కుమిలిపోతూ, తెచ్చిన రొయ్యలు చేత్తో తినిపించింది. అది తిన్నంతసేపూ ఆమె కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

"ఇక రానని చెప్పేయండి. అది తన దారిన బతుకుతుంది," అన్నాడు డాక్టర్.

సత్యవేణి నోరు తెరిచింది. ఎవరి గుమ్మంలోనూ 'పోతున్నా' అని ఎరగని నోరు. 'వెళ్ళొస్తా' అనకూడదు, 'రాను' అనడానికి మనసొప్పదు. పడవవాడు హారన్ కొట్టాడు. ఆ కంగారులో, "ఉంటాను మరి," అనేసింది.

డాక్టర్ స్విచ్ నొక్కి ఆపేలోపే మెషీన్ కూసేసింది.

బాతు దగ్గరికొచ్చి ఆమె పాదాల మీద చతికిలబడి, తల రెక్కలో దూర్చుకుని నిద్రపోయింది.

పడవవాడు మళ్ళీ హారన్ కొట్టాడు. కాళ్ళు వెనక్కి తీసుకోవడానికి సత్యవేణికి ధైర్యం చాల్లేదు.