ఐదో తడిక

"చంపేసినావు కదయ్యా నా చిలకని!"

అల్లూరులో వట్టివేళ్ల తడికలు కట్టే సుభాని, పాపం, టెరిలిన్ చొక్కా తొడుక్కుని, సెంటు పూసుకుని, ఐదో తడిక చంకలో పెట్టుకుని మరీ వచ్చాడు. గుమ్మంలోనే మెహబూబున్నీసా ఈ మాటతో ఎదురయింది.

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. వసారాలో పంజరానికి నాలుగు వైపులా సుభాని కట్టిన తడి తడికలే. లోపల చిలక రెక్కలు ఎడంగా పెట్టి, నోరు తెరిచి ఎగపోస్తోంది.

గాలి వచ్చే వైపు ఒక్క తడిక కట్టి, మిగతా వైపులు గాలాడేట్టు వదిలెయ్యాలి. అసలే సముద్రం పక్క ఊరు, చెమ్మకి కొదవా? ఆ సంగతి సుభానికి వాళ్ల నాయన హుస్సేన్ సాహెబ్ వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. ఈ పెద్దమనిషి ఎందుకు మరిచాడో మెహబూబా కళ్లు చూస్తే మీకే తెలుస్తుంది.

ఆ కళ్లలో ఇప్పుడు నీళ్లు. "మాయమ్మ పోయి రెండేళ్లయింది. 'అన్నం తిన్నావా బిడ్డా' అని మాయమ్మ గొంతుతో అడిగేది ఇదొక్కటే. దీనికేమన్నా అయిందా, జన్మలో నీ మొహం చూడను!"

సుభాని తాళ్లు పళ్లతో కొరికి తడికలన్నీ పీకేశాడు. పంజరాన్ని పెరట్లో వేపచెట్టు నీడకి చేర్చి, విసనకర్రతో విసరడం మొదలుపెట్టాడు.

"నీళ్లు కుమ్మరించబాకండి, బిగుసుకుపోతది. కాళ్లు తడపండి చాలు," అంది మెహబూబా నాయనమ్మ జమాల్‌బీ మంచం మీదనుంచి.

మెహబూబా తడిగుడ్డతో చిలక కాళ్లు తడిపింది.

"చెయ్యి నొప్పా?"

"లేదు."

"అయితే ఇంకా గట్టిగా విసురు!"

పొద్దు వాలాక సముద్రపు గాలి మళ్లింది. చిలక నోరు మూసింది, రెక్కలు ముడిచింది. సుభాని సంబరంగా పంజరంలో వేలు పెట్టాడు.

"అబ్బా! కరిచింది! జేజీ, రక్తం వచ్చేట్టు కరిచింది!" అని గంతులేశాడు.

మెహబూబా ఏడుస్తూనే నవ్వేసింది. వేలికి గుడ్డపీలిక కడుతూ అడిగింది.

"నేను చెప్పింది ఒక్క తడిక. నాలుగెందుకు కట్టినావు?"

"ఒక్కటైతే ఒక్కరోజులో పనైపోతుంది. దినానికొకటి కడితే దినామూ నిన్ను చూడొచ్చని..."

"మరి ఆ ఐదోది?"

"పంజరం పైన కడదామని."

మెహబూబా మొహం కందగడ్డయింది. పీలిక ముడి మరీ బిగిసింది.

జమాల్‌బీ అంతా విననే విన్నది. "అబ్బయ్యా, ఇంక తడికలతో రాబాకు. రేపు మీ నాయనతో రా."

"ఎందుకు జేజీ?"

మెహబూబా లోపలికి పరుగు తీసింది. తలుపు చాటునుంచి గొంతు మాత్రం వచ్చింది.

"ఎందుకో కూడా తెలీని మొద్దుని నేను చేసుకోను జేజీ!"

"తెలుసు! తెలుసు!" అని వీధంతా వినపడేలా అరిచాడు సుభాని. రేపటిదాకా ఆగడం ఎందుకని, చెప్పులు కూడా మరిచి, ఇంకా చల్లారని నేల మీద నాయన్ని పిలుచుకొచ్చేందుకు పరుగెత్తాడు.