వెరాక్రూజ్ పూస

పెట్టె మూత తీసి ఉంది. లోపల దూది ఉంది. పూస లేదు.

2017 నవంబరు 2, గురువారం. శృంగవరపుకోటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. ఎస్సై ఈశ్వరి జీపు దిగేసరికి సాయంత్రం 4.05.

హిస్టరీ లెక్చరర్ దీపిక ఆమెను ఎగ్జిబిషన్ గదిలోకి తీసుకెళ్లింది.

మెక్సికోలో ఆ రోజు చనిపోయినవాళ్ల పండుగ. పిల్లలకు చూపించాలని అక్కడి పద్ధతిలోనే మెట్లు కట్టి, బంతిపూలు పరిచి, దీపాలు పెట్టారు. పైమెట్టు మీద దీపిక మేనమామ ఫొటో. ఆయన ఓడల్లో పనిచేసేవాడు. పోయినేడాది పోయాడు. ఫొటో ముందు ఆయనకిష్టమైన చేపల వేపుడు, గ్లాసుతో మంచినీళ్లు.

"పూస మామయ్యదే మేడమ్. మెక్సికోలోని వెరాక్రూజ్ రేవులో ఒక ముసలాయన ఇచ్చాడట. పచ్చరాయి. అలాంటిది ఒక్కటి రెండు మోపుల బంగారంతో సమానమని అక్కడి రాజు స్పెయిన్ వాళ్లకు చెప్పాడంటారు. వాళ్లకు మాత్రం బంగారమే కావాలి. దానికోసం ఊళ్లకు ఊళ్లు తగలబెట్టారు."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"పొద్దున పదింటికి రిబ్బన్ కట్ చేసినప్పుడు అందరికీ చెప్పాను."

"పూస ఎప్పుడు పోయింది?"

"2.30కి క్లాసుకు వెళ్లాను. 3.20కి వచ్చాను. అప్పటికే లేదు."

"కెమెరా?"

"లేదు. మధ్యలో స్వీపర్ జగ్గమ్మ ఊడ్చింది. అందుకని కరస్పాండెంట్ గారు..." దీపిక తల దించుకుంది.

ఈశ్వరి వంగి బల్ల కింద చూసింది. నలిపి పడేసిన కాగితం ఒకటి దొరికింది. విప్పి చదివింది.

"ఇది ఎక్కడుండాలి?"

"మడిచి దూది కింద పెట్టాను. నాలుగింటికి పిల్లల ముందు తీసి చదవాలనుకున్నాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు."

ఈశ్వరి కాగితం జేబులో పెట్టుకుంది.

వరండాలో జగ్గమ్మ నేల మీద కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. జుట్టు విరబోసుకుని ఉంది.

"ఏటైంది జగ్గమ్మా?"

"బాబుగోరు ఇద్దరు ఆడపిల్లల్ని పిలిసినారమ్మా. నా మనవరాలంత వోళ్లు. నా కొప్పు ఇప్పించినారు. రైక ఇప్పి సూడమన్నారు. ఆ పిల్లలు ఏడుత్తూనే సూసినారు."



"ఊడ్చినాక తానం చేసినావా?"

"తానమా?"

"చచ్చిపోయిన మనిషి ముందు పెట్టిన సామాను గదా. మైల కాదా?"

"నాను రోజూ కక్కోసులు కడుగుతాను. మైలంటే ఎన్నిసార్లు ములగాలమ్మా?"

ఆమె పాదాలకు పొద్దుటి దుమ్ము అలాగే ఉంది.

కరస్పాండెంట్ రంగనాథం ఆఫీసులో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, పంచె. తల తడిగా ఉంది. కాలరు తడిసి ఉంది.

"దాన్ని తీసుకెళ్లండి మేడమ్. నాలుగు తగిలిస్తే అదే చెప్తాది."

"మీరు ఆ గదిలోకి ఎప్పుడు వెళ్లారు?"

"పదింటికి రిబ్బన్ కట్ చేశాను. మళ్లీ అటు వెళ్లలేదు."

ఈశ్వరి తన వెంట వచ్చిన దీపిక ఫోన్ అడిగి తీసుకుని రిబ్బన్ కట్ ఫొటో చూసింది. అందులో రంగనాథం తెల్ల లాల్చీలో ఉన్నాడు.

"బట్టలెందుకు మార్చారు?"

"స్నానం చేశాను. కార్తీక మాసం గదా."

"కార్తీక స్నానం తెల్లారకముందు చేస్తారండి. మీ తల ఇంకా ఆరనే లేదు."



ఈశ్వరి కాగితం తీసి పైకి చదివింది. "ఇలాంటి పూసను చనిపోయినవాళ్ల నోట్లో పెట్టి సాగనంపేవారు. ఇదీ అలాంటిదే కావచ్చు."

రంగనాథం కుడిచెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. అది ఆయనకు తెలియకుండానే జరిగింది.

"తీసినవాడు దీన్ని చదివాడు. ఒళ్లు జలదరించి కాగితం నలిపి పారేశాడు. పూసను మాత్రం వదల్లేదు. మైల పోవాలని తలారా నీళ్లు పోసుకున్నాడు. మధ్యాహ్నం మూడింటికి ఈ కాలేజీలో తలస్నానం చేసిన మనిషి ఒక్కరే. అందరూ చూశారు. భక్తి అనుకున్నారు. ఎర్రన్నా, వెతుకు."

కానిస్టేబుల్ ఎర్రన్న ఆఫీసు బాత్‌రూమ్‌లోంచి తడి లాల్చీ తెచ్చాడు. దేవుడి పటాల వెనక నుంచి స్టీలు గ్లాసు తెచ్చాడు. అందులో పసుపు నీళ్లు. అడుగున పచ్చపూస.

"దీనికీ తానం చేయించినారు మేడమ్," అన్నాడు ఎర్రన్న.

ఎవరూ నవ్వలేదు.

"విశాఖలో ఒకాయన ఇలాంటివి మంచి రేటుకు కొంటానన్నాడు," అన్నాడు రంగనాథం నెమ్మదిగా. "నా బుద్ధి గడ్డి తిన్నాది."

ఈశ్వరి ఆయన్ని చూసింది. దొంగల్ని చాలామందిని పట్టుకుంది. ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు. రాయి ముట్టుకున్నందుకు స్నానం చేశాడు. తడి తలతోనే వచ్చి ఒక ఆడదాని రైక విప్పించాడు. దానికి ఆయనకు ఏ మైలా అంటలేదు.

రంగనాథం గుమ్మం బయట వరండాలో కూర్చున్న జగ్గమ్మ వైపు తిరిగాడు.

"జగ్గమ్మా, మనసులో పెట్టుకోకు. రేపట్నుంచి ఆఫీసు పని ఇస్తాను. కేసు వద్దని మేడమ్‌కి చెప్పు."

జగ్గమ్మ గోడ పట్టుకుని లేచింది.

"ఆ పిల్లలిద్దర్నీ పిలవండమ్మా."

పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఒకమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు సెప్పండి బాబూ, నాను దొంగను కానని."

రంగనాథం ఈశ్వరి వైపు చూశాడు. ఆమె కదల్లేదు.

"జగ్గమ్మ తీయలేదు," అన్నాడు.

"మరి ఎవులు తీసినారు?"

రంగనాథం గొంతు తగ్గించాడు.

"నేనే తీశాను."

"పిల్లలకి ఇనబడలేదు బాబూ," అంది జగ్గమ్మ. "గట్టిగా."